మూడుసార్లు మునిగిన ఓడ

మా బడీ దాదీ చనిపోయిన రోజున ఆమె చేతులకు ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. గుస్ల్ చేయించడానికి వచ్చిన స్త్రీలలో ఒకామె వాటిని మెల్లగా తీస్తూ, "సుహాగన్‌గానే వెళ్ళిపోయింది" అన్నదట. పక్కనున్నామె, "ఏం సుహాగ్! నలభై ఆరేళ్ళుగా ఆయన ముఖమే చూడలేదు కదా" అన్నదట. 1987లో, గద్వాలలోని మా పాత ఇంట్లో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను వనపర్తిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. కబురు అంది వచ్చేసరికి జనాజా నమాజు అయిపోయింది. ఆ రెండు మాటలూ తరువాత మా ఫూఫీ చెప్పగా విన్నాను.

బడీ దాదీ మా దాదాగారి అన్నగారి భార్య. పుట్టిల్లు నాగర్‌కర్నూలు. పదిహేనో ఏట నికాహ్ జరిగి, ఎడ్లబండిలో పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి వద్ద పుట్టిలో కృష్ణ దాటి గద్వాలకు కాపురానికి వచ్చింది. ఆమె జీవితంలో నీటిమీద చేసిన ప్రయాణం అదొక్కటే. సముద్రం అనే మాట వచ్చినప్పుడల్లా, "అవతలి ఒడ్డు కనిపించని కృష్ణ అనుకో" అని మాకు చెప్పేది. తానెన్నడూ చూడని సముద్రాన్ని గురించి మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆలోచించినది ఆమే.

ఆమె భర్త, అంటే మా పెద్ద దాదా, 1941లో ఇల్లు విడిచారు. గద్వాల అప్పటికి సంస్థానం. మహారాణీ ఆదిలక్ష్మీ దేవమ్మగారి కాలం. సంస్థానం పైన నిజాం ప్రభుత్వం, దాని పైన ఆంగ్లేయులు. ఇంతమంది పాలకులున్నా నడిగడ్డలో ఇద్దరు అన్నదమ్ములకు సరిపడే పని మాత్రం లేదు. ఆయన బండిలో రాయచూరు చేరి, అక్కడ బొంబాయి మెయిలు ఎక్కారు. గద్వాలకూ రాయచూరుకూ మధ్య నది అడ్డం లేదు. ఇదీ బడీ దాదీ తరచూ చెప్పే మాటే: "నీళ్ళు దాటకుండా వెళ్ళాడు, నీళ్ళలోకి వెళ్ళాడు."

బొంబాయి నుండి ఆయన రాసిన ఉత్తరాలు రెండే. మొదటిదానిలో రేవుకు దగ్గరలో ఒక మస్జిదు వరండాలో పడుకుంటున్నానని, గోదాములో మూటలు మోస్తున్నానని ఉంది. మూడుసార్లు పదిహేనేసి కల్దార్ రూపాయలు మనియార్డరు వచ్చింది. 1942 వేసవిలో అందిన రెండవ ఉత్తరంలో "నూనె ఓడమీద ఆగ్‌వాలా పని దొరికింది, సారంగు మంచివాడు, అయిదు పూటలా నమాజు చేస్తాడు" అని రాశారు. ఓడ పేరు రాయలేదు. యుద్ధకాలంలో రాయనివ్వరని మాకు చాలాకాలం తరువాత తెలిసింది. ఆ తరువాత ఉత్తరం లేదు, డబ్బు లేదు, మనిషి లేడు.

ఆ నాటి ఓడలను గురించి కొంత చెప్పాలి. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకలలో పనిచేసేవారిలో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 50 వేలమంది, మన ఉపఖండం నుండి వెళ్ళినవారే. వారిని లస్కర్లు అనేవారు. ఓడ పైభాగంలో తాళ్ళూ లంగర్లూ చూసేవారు ఖలాసీలు, వారిపై టిండలు, అందరిపై సారంగు. వంటవాడు భండారీ. అడుగున బాయిలర్ల ముందు నిలబడి మంట చూసేవాడు ఆగ్‌వాలా, యంత్రాలకు నూనె పెట్టేవాడు తేల్‌వాలా. ఈ అడుగు పనిలో ముస్లింలే అధికం. సిల్హెట్, పంజాబు, సరిహద్దు ప్రాంతాలవారు తరతరాలుగా ఆ పనిలో ఉన్నారు. మన తెలంగాణ నుండి వెళ్ళినవారు అరుదు. వారి వేతనం అదే ఓడలో పనిచేసే ఆంగ్ల నావికుని వేతనంలో ఒక చిన్న భాగం. 1939లో యుద్ధం ప్రకటించిన వెంటనే పలు రేవుల్లో వారు సమ్మెకు దిగారు. ప్రాణభయం పెరిగింది కాబట్టి కూలీ కూడా పెంచాలన్నది వారి న్యాయమైన కోరిక.

ప్రాణభయం ఉత్తమాట కాదు. నౌకాదళం నడవాలంటే చమురు కావాలి, విమానం ఎగరాలంటే చమురు కావాలి. అందువల్ల జలాంతర్గామి నడిపేవాడు నూరు ఓడలలో మొదట వెదికేది చమురు ఓడనే. చమురు ఓడలో యంత్రాలగది వెనుక భాగాన, నీటిమట్టానికి దిగువన ఉంటుంది. ఓడను ఆపాలనుకున్నవాడు గురిపెట్టేదీ అక్కడికే. సరుకు నింపుకున్న ఓడకు మంట భయం. ఖాళీ ఓడ అయితే నిశ్చింత అనుకుంటాం గాని, ఖాళీ తొట్లలో మిగిలిన ఆవిరి నిండు తొట్లలోని చమురుకంటే తేలికగా పేలుతుంది. పైన తెడ్డు పడవలుంటాయి, నిజమే. ఆగ్‌వాలా వాటిని చేరాలంటే ముందు నిటారైన ఇనుప నిచ్చెనలు ఎక్కాలి. దీపాలు ఆరిపోయాక, ఓడ ఒరిగాక, ఆ నిచ్చెనలు ఎటు ఉన్నాయో తెలుసుకోవాలి.

యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1942 జనవరి చివరి వారంలో ఒక జపాను జలాంతర్గామి మద్రాసుకు సమీప జలాల్లో వరుసగా ఓడలను ముంచింది. వాటిలో సింధియా కంపెనీవారి జలతరంగ్, జలపాలక ఉన్నాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ నవంబరు 20న బొంబాయి నుండి ఆఫ్రికాకు బయలుదేరిన తిలావా అనే ప్రయాణికుల ఓడను మూడవరోజున మరొక జపాను జలాంతర్గామి ముంచింది. అందులోని 958 మందిలో 280 మంది చనిపోయారు. హైదరాబాదు రాజ్యానికి సముద్రమే లేదు. అయినా ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో నిజాం పేరు తిరుగుతూ ఉండేది. ఆయన ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఒక డిస్ట్రాయర్‌కు 'నిజాం' అని పేరు పెట్టారు. 1941 జనవరిలో అది ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరి, తరువాత ఈ సముద్రంలోనే ఓడలకు కాపలా తిరిగింది. రాజుగారి పేరు ఓడ నుదుటిమీద, ఆయన పౌరుడు ఏ ఓడ అడుగునో! పత్రికలలో మొదటిది వచ్చేది. రెండవది మా ఇంట్లోవారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక మా కుటుంబం మౌనంగా దాటేసిన సంగతి రాస్తాను. అబ్బా అనుమతి తీసుకునే రాస్తున్నాను.

భర్త జాడ తెలియని స్త్రీ గతి ఏమిటి? ఫిఖ్‌హ్‌లో అటువంటి మనిషిని మఫ్‌ఖూద్ అంటారు. హనఫీ మస్లక్‌లోని పాత నియమం ప్రకారం, ఆయన ఈడువారు లోకంలో లేకుండా పోయేంతవరకు ఆయన బ్రతికి ఉన్నట్టే లెక్క. ఈ గడువును పలువురు ఫుఖహా తొంభై ఏళ్ళుగా చెప్పారు. మాలికీ మస్లక్ హజ్రత్ ఉమర్ (రజి) తీర్పును అనుసరించి నాలుగేళ్ళ గడువు ఇచ్చింది. మన దేశంలో ఈ ఇక్కట్టువల్ల ఎందరో స్త్రీలు నలిగిపోతున్నారని గ్రహించి మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) వంటి హనఫీ పండితులే ఈ విషయంలో మాలికీ తీర్పును స్వీకరించవచ్చని 'అల్-హీలతున్నాజిజా' గ్రంథం ద్వారా చెప్పారు. ఖాజీ ముందుకు వెళ్ళాలి, విచారణ జరగాలి, అక్కడి నుండి నాలుగేళ్ళు గడవాలి, ఆపైన నాలుగు నెలల పదిరోజుల ఇద్దత్. ఆ కృషి ఫలితంగానే ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. నాలుగేళ్ళుగా భర్త జాడ లేకపోవడం అందులో చెప్పిన మొదటి కారణం. అది అమలులోకి వచ్చినది 1939 మార్చిలో. సుమారు ఆరు నెలలకు యుద్ధం మొదలైంది. తెలియక చేసిన ముందుచూపు అనాలి, ఎందుకంటే అల్లాహ్‌కు తెలియనిది లేదు.

ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది. గద్వాలకు అది వర్తించదు. కాని గ్రంథం మనదే కదా. 1946లో నాగర్‌కర్నూలు నుండి బడీ దాదీ ఇద్దరు అన్నలు అదే మాట మోసుకొని వచ్చారు. వర్షాకాలం. కృష్ణ నిండుగా ఉండి, పుట్టివాడు రెండురోజులు దాటించలేదట. మా అబ్బాకు అప్పుడు పదకొండేళ్ళు. చావడిలో పెద్దలు మాట్లాడుకుంటుంటే తలుపు సందు నుండి విన్నారు. అన్నలు కోపంగా రాలేదు. చెల్లెలికి ఇరవై మూడేళ్ళు, పిల్లలు లేరు, ముందు బ్రతుకంతా ఉంది, ఖాజీగారి వద్దకు వెళ్దాం అన్నారు. మా ముత్తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నా కొడుకు చచ్చాడని నా నోటితో అనిపిస్తారా?" అన్నారు. అంతటితో వారు తల దించుకున్నారు.

అబ్బా ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఒక మాట కలుపుతారు. లోపలి గదిలో బడీ దాదీ కూర్చొని ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు అని.

అయినా అన్నలు వదలలేదు. ఖాజీగారి సలహాపై బొంబాయిలోని ఒక ఓడల కార్యాలయానికి రెండుసార్లు ఉత్తరం రాయించారు. జవాబు రాలేదు. ఇంతలో 1948 సెప్టెంబరు వచ్చింది. పోలీసు చర్య తరువాతి ఆ నెలల్లో మన ఇళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో పెద్దలకు తెలుసు. కనిపించకుండా పోయినవారి కోసం ఎదురుచూసే ఇల్లు అప్పుడు మాదొక్కటే కాదు. బడీ దాదీ అన్నలలో పెద్దాయన కూడా ఆ తరువాత ఇల్లు చేరలేదు. ఖాజీ ముందుకు వెళ్ళాలన్న మాట మళ్ళీ ఎత్తిన మనిషి లేడు.

షరీఅత్ ఆమె ముందు తలుపు మూయలేదు. ఆ తలుపుకు గడియ పెట్టినవాళ్ళం మేము. మా ముత్తాతగారిది కఠిన హృదయం కాదు, తండ్రి హృదయం. కాని ఆయన దుఃఖానికి వెల చెల్లించినది మరొకరి బిడ్డ. ఆమె మా ఇంట్లో నలభై ఆరేళ్ళు నల్లపూసల లచ్ఛా తీయకుండా, రంగు దుప్పట్టా మానకుండా, మా అబ్బాను, ఫూఫీలను, ఆపై మమ్మల్ని పెంచింది. సుహాగన్ అయినందున పెళ్ళిళ్ళలో పసుపు పెట్టడానికి పిలిచేవారు. ఆమె వెళ్ళేది గాని వధువును తాకేది కాదు. ఎందుకని ఎవరూ అడిగేవారు కారు.

2009లో నేను మాల్దీవులకు వెళ్ళాను. వనపర్తిలో జూనియర్ కళాశాలలో గణితం చెప్పి వచ్చే జీతం ముగ్గురు పిల్లల చదువుకు చాలలేదు. ఆ దేశపు బడులలో మన దేశం నుండి వెళ్ళిన ఉపాధ్యాయులు చాలామంది ఉంటారు. నాకు దక్కినది దేశానికి దక్షిణపు కొసన, భూమధ్యరేఖకు ఆవల ఉన్న అడ్డూ దీవులలో హితధూ అనే ఊరు. మొదటి వారం నమాజుకు నిలబడితే ఖిబ్లా వింతగా తోచింది. గద్వాలలో దాదాపు పడమరకు తిరిగే మనిషిని, అక్కడ వాయవ్యానికి తిరగవలసి వచ్చింది. 1153 నుండి ఇస్లాం ఉన్న దేశం అది. అజాన్ ఒకటే, సలాం ఒకటే, చేపల పులుసు మాత్రం రోజూ ఒకటే.

అడ్డూ దీవులు గుండ్రంగా అల్లిన హారంలా ఉంటాయి. బయట మహాసముద్రం ఎంత పోటెత్తినా లోపలి నీళ్ళు చెరువులా నిశ్చలంగా ఉంటాయి. ఆ నీళ్ళలోకి ఓడలు రావడానికి నాలుగు దారులే ఉన్నాయి. యుద్ధకాలంలో ఆంగ్లేయులు ఇక్కడ రహస్య నౌకాస్థావరం కట్టి దానికి 'పోర్ట్ టి' అని పేరు పెట్టుకున్నారు. మా బడిలో సామాన్యశాస్త్రం చెప్పే స్థానిక ఉపాధ్యాయుడు ఒకసారి సాయంత్రం నన్ను ఒడ్డుకు తీసుకువెళ్ళి లోపలి నీళ్ళవైపు చెయ్యి చూపించి, "అక్కడ మీ కాలపు ఓడ ఒకటి ఉంది" అన్నాడు. మీ కాలం అంటే ఆంగ్లేయుల కాలం అని అతని భావం. ఏ ఓడ అని అడిగాను. "చమురు ఓడ. దాని పేరు బ్రిటిష్ లాయల్టీ" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత కొన్ని నెలలపాటు ఆ ఓడ చరిత్ర వెదికాను. అది 1928లో కట్టిన, సుమారు ఏడువేల టన్నుల ట్యాంకరు. 1942 మే నెలలో ఆంగ్లేయులు మడగాస్కరు ఉత్తరాన ఉన్న డీగో స్వారెజ్ రేవును ఫ్రెంచి విషీ ప్రభుత్వం నుండి స్వాధీనం చేసుకున్నారు. మే 30 రాత్రి, రెండు జపాను జలాంతర్గాములు తమ వీపులపై మోసుకొచ్చిన ఇద్దరేసి మనుషుల బుల్లి జలాంతర్గాములను రేవు బయట వదిలాయి. వాటిలో ఒకటి లోపలికి దూరి, రామిలీస్ అనే యుద్ధనౌకను ఒక టార్పెడోతో, బ్రిటిష్ లాయల్టీని మరొకదానితో కొట్టింది. యుద్ధనౌక తట్టుకొని తేలింది. ట్యాంకరు మునిగింది. కొట్టిన ఇద్దరు జపాను యువకులు ఒడ్డుకు చేరి, కొద్దిరోజులలోనే కాల్పులలో చనిపోయారు.

మునిగిన ఓడను తేల్చారు. యుద్ధంలో ఇనుముకు ఉన్న విలువ అలాంటిది. తేల్చి అడ్డూకు లాక్కొచ్చి, చమురు నిల్వ చేసే తొట్టిగా లోపలి నీళ్ళలో నిలిపారు. దారులకు జలాంతర్గాములు రాకుండా ఇనుప వలలు కట్టి ఉన్నాయి కాబట్టి అంతకంటే సురక్షితమైన చోటు లేదనుకున్నారు. 1944 మార్చి 9న జర్మనీకి చెందిన యు-183 అనే జలాంతర్గామి బయటి సముద్రంలోనే ఉండి, గాన్ దీవి పక్కనున్న దారిలో వలల సందు గుండా టార్పెడోను లోపలికి వదిలింది. అది సూటిగా వెళ్ళి బ్రిటిష్ లాయల్టీకే తగిలింది. ఒక యుద్ధంలో, ఒకే మహాసముద్రంలో, ఒకే ఓడను రెండు దేశాల జలాంతర్గాములు ముంచాయి. మళ్ళీ తేల్చారు గాని ఇక బాగుచేయలేదు. యుద్ధం ముగిశాక, 1946 జనవరిలో, దాని సొంతవారే హితధూ సమీపంలో దానిని ముంచివేశారు. ఆ యు-183 మాత్రం అంతకుముందే, 1945 ఏప్రిల్‌లో, జావా సముద్రంలో అమెరికా జలాంతర్గామి దెబ్బకు పోయింది. దానిలోనివారిలో ఒక్కడే బ్రతికాడు.

ఓడ ఇప్పుడు ముప్పై మీటర్లకు పైగా లోతున ఒక పక్కకు ఒరిగి ఉంది. నీటిలోకి దిగే అలవాటున్న ఆ ఉపాధ్యాయుడు దాని పక్కన టార్పెడో చేసిన రంధ్రం ఉన్నదనీ, మనిషి అందులోంచి ఈదుకుంటూ వెళ్ళవచ్చనీ చెప్పాడు. ఇనుముపై పగడాలు పెరిగాయి, తాబేళ్ళు తిరుగుతాయి. నేను దిగలేదు, ఈత రాదు. మస్జిదులో పరిచయమైన ఒక వృద్ధ జాలరి తన చిన్నతనంలో ఆ ఓడ నుండి నల్లటి చమురు ఊరుతూ ఒడ్డుకు వచ్చేదనీ, ఆడుకొని ఇంటికి వెళ్ళాక తల్లి కొబ్బరినూనెతో పాదాలు రుద్ది ఆ మరక వదిలించేదనీ చెప్పాడు. అది చెబుతూ ఆయన తన పాదాలవైపు చూసుకున్నాడు.

మా పెద్ద దాదా ఆ ఓడలో పనిచేశారని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. లెక్కలు చెప్పే మనిషిని, అవకాశమూ రుజువూ ఒకటి కావని పిల్లలకు నేర్పేవాడిని. ఆ సముద్రంలో పోయిన చమురు ఓడలు ఎన్నో. నేను చేయగలిగినది ఒక్కటే చేశాను. యుద్ధంలో సముద్రంపై చనిపోయి సమాధి లేని మన నావికుల కోసం బొంబాయిలోనూ చిట్టగాంగులోనూ స్మారక పట్టికలు ఉన్నాయి. సుమారు 6,500 పేర్లు. ఆ పేర్లలో మా పెద్ద దాదా పేరు వెదికాను. దొరికింది. ఒకచోట కాదు, ఎన్నోచోట్ల. ఏ మస్జిదులోనైనా మొదటి సఫ్‌లో ఇద్దరు ముగ్గురికి ఉండే పేరు అది. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు గాని ఊరి పేరు గాని లేదు. వాటిలో ఒకటి మాది కావచ్చు, ఒకటీ కాకపోవచ్చు.

ఈ సంగతంతా విన్న ఆ వృద్ధ జాలరి, "ఆయనకు జనాజా నమాజు ఎవరు చేశారు?" అని అడిగాడు. ఎవరూ చేయలేదన్నాను. చనిపోయినట్టు తెలియనిదే ఎలా చేస్తాం? తెలిసినా, శరీరం ఎదుట లేనిదే జనాజా లేదన్నది మా హనఫీ మస్లక్. అక్కడివారు షాఫియీ మస్లక్ అనుసరిస్తారు. దైవప్రవక్త (స) అబిసీనియా రాజు నజాషీకి దూరం నుండే జనాజా నమాజు చేసిన సంఘటన ఆధారంగా, కళ్ళెదుట లేని మృతునికి కూడా వారు చేస్తారు. చుట్టూ సముద్రమే ఉన్న జాతి. చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని మనిషి లేని వంశం అక్కడ ఉండదేమో. నీళ్ళలో మునిగి చనిపోయిన విశ్వాసిని షహీదులలో లెక్కించిన హదీసు అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. వృద్ధుడు ఇమాంతో మాట్లాడాడు. వచ్చే శుక్రవారం చేద్దామని ఇమాం కబురు పెట్టారు.

నేను కాగితం తీసి లెక్క వేశాను. అబ్బా అంచనా ప్రకారం ఆయన పుట్టినది 1918 ప్రాంతంలో. చాంద్రమానంలో తొంభై ఏళ్ళు 2005లో నిండాయి. అంటే మా మస్లక్‌లోని అన్నింటికంటే సుదీర్ఘమైన గడువు ప్రకారం చూసినా ఆయన ఇప్పుడు మృతుడే. అదే లెక్క ప్రకారం బడీ దాదీ ఇద్దత్ మొదలుకావలసినది, ఆమె చనిపోయిన పద్దెనిమిదేళ్ళకు. పెన్ను పక్కన పెట్టేశాను.

ఆ రాత్రి గద్వాలకు ఫోను చేశాను. అబ్బా అంతా విని, "మన మస్లక్‌లో లేదు కదా బేటా" అన్నారు. రెండురోజుల తరువాత ఆయనే ఫోను చేశారు. వనపర్తి వెళ్ళి తనకు తెలిసిన ముఫ్తీగారిని అడిగారట. గాయిబానా జనాజా మన వద్ద లేదు, దుఆకు మాత్రం ఏ అడ్డూ లేదు అన్నారట ముఫ్తీగారు. "అడ్డూ లేదన్నారు, నీవున్నదేమో అడ్డూలోనే" అని అబ్బా నవ్వబోయారు. నవ్వు పూర్తి కాలేదు. కొంతసేపు ఇద్దరం ఫోను పట్టుకొని ఊరుకున్నాం. "ఇమాం ఆయన పేరూ, తండ్రి పేరూ అడుగుతారు. సరిగా చెప్పు" అన్నారు చివరికి. ముత్తాతగారి పేరు ఒక్కొక్క అక్షరం పలికి రాయించారు.

శుక్రవారం జుమా ముగిశాక ఇమాం లేచి, హిందూస్తాన్ నుండి వచ్చిన ఒక ఆగ్‌వాలా యుద్ధకాలంలో ఈ సముద్రంలో పోయాడని, అతనికి ఇంతవరకు ఎవరూ నమాజు చేయలేదని ధివేహీలో చెప్పారు. పేరు చదివారు. పనికి వెళ్ళవలసినవారు కూడా ఆగారు. ముందు సఫ్‌లలో ఖాళీ ఏర్పడితే వెనుకవారు నడిచి వచ్చి నిండారు. నేను ఎక్కడ నిలబడ్డానన్నది నాకూ నా ప్రభువుకూ మధ్య విషయం. నాలుగు తక్బీర్‌లు నా చెవులతో విన్నాను.

సాయంత్రం అబ్బాకు ఫోను చేశాను. నీవు సఫ్‌లో నిలబడ్డావా అని ఆయన అడగలేదు.

"ఎంతమంది ఉన్నారు?"

"ఏడెనిమిది సఫ్‌లు."

"అంతమందా!" అన్నారు. "గద్వాలలో పోయి ఉంటే అంతమంది వచ్చేవారు కారు." తరువాత గొంతు సవరించుకొని, "దుఆలో బడీ దాదీ పేరు కూడా చెప్పారా?" అని అడిగారు.

ఇమాంకు కాగితంమీద ఇద్దరి పేర్లూ రాసి ఇచ్చానని, ఆమె పేరు కూడా చదివారని చెప్పాను.

అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు. వెనుక నుండి మా గల్లీ మస్జిదు అజాన్ వినిపించింది. అడ్డూలో ఇంకా సూర్యుడు ఉన్నాడు.

"అక్కడి నీళ్ళలో కెరటాలు పెద్దగా ఉంటాయా?" అని అడిగారు.

"బయట ఉంటాయి అబ్బా. ఓడ ఉన్నచోట ఉండవు" అన్నాను.